దయ్యం కాపురం ఎక్కడ: జపాన్ బొమ్మల సినిమా చూడాలా, లైట్ నవల చదవాలా?

2025 సెప్టెంబరు 12న ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు డబ్బింగుతో సహా మన థియేటర్లలో దిగింది. రెండున్నర గంటలు దాటే ఆ సినిమా చూసొచ్చిన రాత్రే మా అక్క కూతురు ఫోన్ చేసింది. “పిన్నీ, ఇలాంటివే ఇంకా కావాలి నాకు. దయ్యాలుండాలి, కానీ ఊరికే నరుక్కోవడం కాదు, కథ ఉండాలి. మా క్లాసులో వాళ్ళు సినిమాల కన్నా లైట్ నవల్సే బాగుంటాయంటున్నారు. ఏది ముందు?”

ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. ఆదివారం ఒక పూట, అదీ సగమే, తన చేతికొస్తుంది. పుస్తకం కొనాలంటే వాళ్ళ నాన్నను ఒప్పించుకోవాలి. ఇంగ్లీషు అనువాదాలు చాలావరకు దిగుమతి సరుకు, ధర చురుక్కుమంటుంది. అంటే ఒకసారి తప్పు ఎంచుకుందంటే మళ్ళీ నెలరోజుల దాకా ఆ ఊసెత్తే వీలుండదు. అందుకని ఫోనులో నోటికొచ్చిన నాలుగు పేర్లు చెప్పి ఊరుకోకుండా కూర్చుని రాశాను. ఇది ఆ ఉత్తరమే, కాస్త పెంచి రాసింది.

ముందు ఒక తికమక తీర్చాలి. ‘డీమన్ స్లేయర్’కు మూలం లైట్ నవల కాదు, మాంగా. గళ్ళుగళ్ళుగా బొమ్మలు గీసి చెప్పే కథ అది. లైట్ నవల అంటే వచనమే. జపాన్‌లో మామూలుగా అది జేబులో పట్టే ఎ6 పుస్తకం, 10.5 సెంటీమీటర్ల వెడల్పు, 14.8 ఎత్తు. మొదట్లో కొన్ని రంగుల బొమ్మలు, లోపల అక్కడక్కడ నలుపు తెలుపు బొమ్మలు, పొట్టి పేరాలు, బోలెడు సంభాషణ. మన వారపత్రికల సీరియళ్ళను గుర్తు తెచ్చుకోండి. రచయిత పేరు పక్కనే చిత్రకారుడి పేరూ వేసేవాళ్ళు, ఆ బొమ్మ చూసే చాలామంది కథలోకి దిగేవాళ్ళు. లైట్ నవల వ్యాపారమూ అదే. ఆ పేరు పుట్టింది 1990 ప్రాంతంలో గానీ, ఆ తరహా రాతలు అంతకు ముందే ఉన్నాయి.

‘ఏది ముందు’ అని ఎవరైనా అడిగితే నేను ఒక్కటే చూస్తాను. ఆ కథలో దయ్యం కాపురం ఎక్కడ? చెట్టులోనో, ఏటిలోనో, పాడుబడ్డ తలుపు వెనకో, సాయంత్రపు వెలుగులోనో ఉంటే సినిమాకే వెళ్ళాలి. కథ చెప్పేవాడి బుర్రలో, వాడి మాటల్లో ఉంటే పుస్తకం తెరవాలి.

మన ‘దయ్యం’ అనే ఒక్క మాటతో జపాన్ సరుకంతా కొలవబోతే కుదరదు. ఏరు, కొండ, చెట్టు, రాయి, దేనిలోనైనా ఉండే దైవశక్తి కామి. మనం ముక్కోటి దేవతలన్నట్టు వాళ్ళు ‘ఎనభై లక్షల కామి’ అంటారు. వింత జీవాలు యోకాయ్‌లు. వేషం మార్చే నక్క, మనుషులను ఏట్లోకి లాగేసే ‘కప్పా’ అనే నీటి జీవం, వందేళ్ళు వాడిన తర్వాత ప్రాణం వచ్చే గొడుగు లాంటివన్నీ వీటి కిందికి వస్తాయి. ఇక తీరని కోరికతోనో పగతోనో తిరిగే చచ్చినవాళ్ళు యూరేయ్‌లు. మొదటి రెండింటికీ ఉండటానికి చోటు కావాలి. మూడోదానికి పట్టుకోవడానికి మనిషి కావాలి. ఈ కాలపు లైట్ నవలలు ఇంకో మెట్టు కిందికి దిగి, ఒక కుర్రాడి సిగ్గులోంచో తప్పులోంచో ఒంటరితనంలోంచో దయ్యాన్ని పుట్టిస్తాయి. చోటును సినిమా చూపించినంత బాగా పుస్తకం చూపించలేదు. సిగ్గు దగ్గరికొచ్చేసరికి ఇది తిరగబడుతుంది.

ఆలోచించకుండా సినిమాకే వెళ్ళాల్సినవి

స్టూడియో ఘిబ్లీ సినిమాల విషయంలో ఎంపిక సమస్యే లేదు. మియజాకి హయావో తీసిన ‘స్పిరిటెడ్ అవే’ (2001) ఇంకా చూడకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు అది చూడండి. 2002లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్, మరుసటి ఏడు ఆస్కార్ వచ్చాయన్నది అందరూ చెప్పేదే. నాకు ముఖ్యం వేరే. పదేళ్ళ చిహిరో కామిల స్నానాల ఇంట్లో కొలువుకు కుదిరినప్పుడు, యజమానురాలు యుబాబా ఆ పిల్ల సంతకంలోని అక్షరాలను కాగితం మీంచి చేత్తో లాగేసుకుంటుంది. మిగిలిన ఒక్క అక్షరాన్ని ‘సెన్’ అని చదువుతారు, ఇక నీ పేరు అదే అంటుంది. జపాన్ లిపి ఒక్క ముక్క రాకపోయినా, పేరు పోవడమంటే ఏమిటో ఆ అక్షరాలు గాల్లోకి లేచినప్పుడు తెలిసిపోతుంది. అక్షరాల మీద ఆడిన ఆటను కూడా కంటితోనే చెప్పించాడు. జపనీస్ పేరులో ఉన్న ‘కామికాకుషి’ అంటే కామి దాచేయడం. ఊళ్ళో పిల్లలు మాయమైతే అలా అనుకునేవాళ్ళు.

తకహాతా ఇసావో తీసిన ‘పోమ్ పోకో’ (1994) గురించి తక్కువమంది మాట్లాడతారు, నాకు మాత్రం అది ఇంకా దగ్గరిది. టోక్యో పడమట తామా గుట్టలు చదును చేసి కొత్త ఊరు కడుతుంటే, అక్కడి తనుకి అనే జంతువులు తమకొచ్చిన వేషాల విద్యతో మనుషులను బెదరగొట్టాలని చూస్తాయి. ఒక రాత్రి వీధుల్లో దయ్యాల ఊరేగింపే నడిపిస్తాయి. తెల్లారేసరికి ఒక వినోద పార్కు వాడు అది తన ప్రచారమేనని చెప్పుకుంటాడు. హైదరాబాదు చుట్టూ రాళ్ళ గుట్టలు పగిలి విల్లాలు లేస్తుండగా చూసినవాళ్ళకు అక్కడ నవ్వు రాదు. 2020 నుంచి ఘిబ్లీ సినిమాలు మన దేశంలో నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నాయి కాబట్టి ఖర్చు గొడవ కూడా లేదు.

సగం పూటే ఉన్నవాళ్ళకు ‘హోతారుబి నో మోరి ఎ’ (2011). ముప్పావు గంటే. మనిషి చెయ్యి తగిలితే మాయమైపోయే అడవి కుర్రాడు గిన్, ఏటేటా వేసవి సెలవులకు వచ్చి పెద్దదవుతూ పోయే అమ్మాయి హోతారు. దీనికి మూలం చిన్న మాంగా కథ. చెప్పడానికి ఇంతకన్నా ఏమీ లేదు, రుమాలు దగ్గర పెట్టుకోండి.

యువర్ నేమ్: సినిమా ముందు, తర్వాత వేరే పుస్తకం

అందరూ అడిగేది ఇదే కాబట్టి కాస్త నిలబడి చెబుతాను. షింకై మకోతో సినిమా జపాన్‌లో 2016 ఆగస్టు 26న వచ్చింది. నవల కూడా ఆయనే రాశాడు. అది జూన్ 18నే, అంటే రెండు నెలల ముందే, అచ్చులోకి వచ్చింది. అందుకని ‘నవలే మూలం, అది చదివి సినిమా చూడాలి’ అని వాదించేవాళ్ళు కనిపిస్తారు. ఒప్పుకోవద్దు. సినిమా తయారవుతుండగానే, దాని పక్కనే పుట్టిన నవల అది. కథ ఒకటే. టోక్యో కుర్రాడు తాకి, పల్లెటూరి అమ్మాయి మిత్సుహా ఉన్నట్టుండి ఒకరి ఒంట్లోకి ఒకరు మారిపోతుంటారు. నవల ‘నేను’ అంటూ తాకి గొంతుతో కొంత, మిత్సుహా గొంతుతో కొంత నడుస్తుంది.

ఇక్కడి మానవాతీతమంతా సంధ్యవేళలో ఉంది. పగలూ రాత్రీ కాని ఆ కాస్త సేపును మిత్సుహా ఊరివాళ్ళు ‘కతవారె దోకి’ అంటారు. ఎదురుగా ఉన్నది ఎవరో పోల్చుకోలేని సమయం, ఈ లోకం కాని వాళ్ళు ఎదురుపడే సమయం. మనకిది కొత్తగా చెప్పక్కర్లేదు. అసురసంధ్య వేళ పడుకోవద్దని, గడపలో కూర్చోవద్దని మా అమ్మమ్మ కసిరేది ఎందుకో నాకు ఈ సినిమాలో కొండ అంచున సూర్యుడు దిగినప్పుడు తట్టింది. నవలలో ఆ వెలుగు వర్ణన ఉంది, బాగానే ఉంది, కానీ వర్ణనే. పైగా ర్యాడ్‌వింప్స్ బృందం పాటలు కథ నడకలో భాగం. పుస్తకంలో వాటి చోటు ఖాళీగా తెలుస్తూనే ఉంటుంది. నడిమధ్యలో కథ ఒక మలుపు తిరుగుతుంది. సినిమాలో అది ఒక్క దృశ్యంతో గుండె జారేలా చేస్తుంది. ముందే చదివేసి వెళితే ఆ దెబ్బ పోయినట్టే, మళ్ళీ రాదు.

మాటకు సంబంధించిన ఒక్క చోట మాత్రం ఏ అనువాదమూ గెలవదు. తాకి ఒంట్లో ఉన్న మిత్సుహా స్నేహితుల ముందు ‘నేను’ అనబోయి అమ్మాయిలు వాడే ‘వతాషి’ అంటుంది. వాళ్ళు వింతగా చూస్తే ‘వతాకుషి’ అని, ‘బోకు’ అని, చివరికి ‘ఓరె’ అనేసరికి వాళ్ళు తలూపుతారు. నాలుగూ ‘నేను’లే. ఇంగ్లీషులో ఇది తేలిపోతుంది. తెలుగులో చేసేవాళ్ళకు ఇంకా కష్టం. మనకున్నది ఒక్క ‘నేను’, ‘వచ్చాను’ అన్నది ఆడో మగో చెప్పదు. హిందీ అయితే కనీసం క్రియ పట్టించేస్తుంది.

సినిమా నచ్చిందా? అయితే అదే కథను మళ్ళీ చదవడం కన్నా కనో అరతా రాసిన ‘యువర్ నేమ్. అనదర్ సైడ్: ఎర్త్‌బౌండ్’ కొనండి. ఇదీ 2016దే. నాలుగు భాగాలు. మిత్సుహా ఒంట్లో ఉన్న తాకి, ఆమె స్నేహితుడు తెస్సీ, చెల్లెలు యొత్సుహా, చివర నాన్న తోషికి. సినిమాలో మేయరు నాన్న ఎందుకంత ముక్కోపిగా ఉంటాడో, ఆఖరి ఘడియలో ఎందుకు మెత్తబడ్డాడో తెర మీద మిగిలిపోయిన ప్రశ్న. చనిపోయిన భార్య కథ అతని వైపు నుంచి విన్నాక ఆ మనిషి మారిపోతాడు. ఇది తెర చేయలేదు, ఎందుకంటే ఇక్కడ దయ్యం ఆ నాన్న మనసులో ఉంది. మూల నవల, ఇది, రెండూ కొనే డబ్బు లేకపోతే రెండో మాట లేకుండా ఇదే.

ఇంకో మాట. షింకై ‘సుజుమె’ (జపాన్‌లో 2022 నవంబరు, మన దగ్గర 2023 ఏప్రిల్ 21) విషయంలోనూ నవలే ముందు వచ్చింది, నా సలహా మాత్రం మళ్ళీ సినిమాయే. భూమి కింద పెద్ద జెల్ల ఒకటి కదిలితే భూకంపం వస్తుందని, దాన్ని ఒక రాయి అదిమి పట్టి ఉంచుతుందని జపాన్‌లో పాత నమ్మకం. కషిమా గుడిలో ఆ రాతిని ఇప్పటికీ చూపిస్తారు. సినిమాలో చేప ఎర్రటి వానపాముగా మారింది, రాయి పిల్లిగా మారింది. క్యూషూ నుంచి తొహోకు దాకా పాడుబడ్డ చోట్ల తలుపులు మూసుకుంటూ పోయే ప్రయాణం అది, 2011 మార్చి 11 భూకంపం గాయం దాకా. చోట్ల కథ కాబట్టి చూడాల్సిందే.

కిజుమొనొగతారి: ఇక్కడ నేను పుస్తకం వైపు

పేరే శ్లేష. ‘కిజు’ అంటే గాయం, ‘మొనొగతారి’ అంటే కథ. ఈ వరసలో మొదట అచ్చయిన ‘బకెమొనొగతారి’లో ‘బకెమొనో’ అంటే భూతం, దాని తోకను ‘మొనొగతారి’ తలతో అతికించాడు. నిసియో ఇసిన్ రాతంతా ఇంతే. మన అవధానుల్లాగ మాటను విరిచి, తిప్పి, దాంతోనే కథ నడుపుతాడు. ‘కిజు’ 2008లో వచ్చింది, ఇంగ్లీషులో 2015 చివర్లో. కథ వరసలో ఇదే అన్నిటికన్నా ముందు జరిగింది కాబట్టి కొత్తవాళ్ళు దీంతో మొదలుపెట్టొచ్చు.

వసంతకాలం సెలవుల్లో ఒక రాత్రి అరరాగి అనే కుర్రాడికి కాళ్ళూ చేతులూ తెగి, చావుకు దగ్గరైన రక్తపిశాచి ఎదురవుతుంది. బంగారు జుట్టు, బారెడు పేరు. ‘కాపాడు’ అని ఏడుస్తుంది. వాడు మెడ ఇస్తాడు. ఆ తర్వాత ఆమె అవయవాలు ఒక్కొక్కటే తిరిగి తేవడానికి ముగ్గురు వేటగాళ్ళతో తలపడాలి. ఇంతవరకు మామూలు కథే. అసలు సంగతి, జాలి చూపించడం మంచితనమా, బాధ్యత లేనితనమా అని వాడు తనతో తాను చేసే వాదన. పేజీలకు పేజీలు అదే. ఆ వాగుడు తీసేస్తే అరరాగి ఏమీ కాడు.

సినిమావాళ్ళు సరిగ్గా ఆ వాగుడే తీసేశారు! షాఫ్ట్ స్టూడియోకు ఓయిషి తత్సుయా తీసిన మూడు భాగాలు 2016 జనవరిలో, ఆగస్టులో, 2017 జనవరిలో వచ్చాయి. అన్నీ కలిపి మూడున్నర గంటలు. లోపలి మాట దాదాపు లేదు. బదులుగా మనుషులు లేని పెద్ద పెద్ద కాంక్రీటు భవనాలు, కాకులు, చప్పుడు లేని రైల్వే ప్లాట్‌ఫారం మీద నెత్తుటి చార. మొదటి భాగంలో ఆ పిశాచి ఏడుపు నేను విన్న దయ్యపు గొంతులన్నిటిలోకీ భయంకరమైనది, ఎందుకంటే అది చావుకు భయపడే పసిపిల్ల ఏడుపు. ఈ ఒక్క దృశ్యం కోసం సినిమా చూడొచ్చు. కానీ మూడో భాగం చివర వాడు తీసుకునే నిర్ణయం ఎందుకంత చేదుగా ఉందో చదివినవాళ్ళకే పూర్తిగా అందుతుంది. ముందు పుస్తకం, ఏడాది తర్వాత సినిమా.

హెచ్చరిక కూడా చెప్పాలి. రెండింటిలోనూ తోటి విద్యార్థిని మీద కుర్రాడి చూపు, ఆ వెకిలి హాస్యం చాలా దూరం పోతుంది. పుస్తకంలో పేజీ తిప్పేసి తప్పించుకోవచ్చు, సినిమాలో కెమెరా మిమ్మల్ని తప్పించుకోనివ్వదు. రక్తపాతమూ తక్కువేం కాదు. మా పిల్లకు ఇది ఇప్పుడే వద్దన్నాను. “పేరు చెప్పి వద్దంటే ఎలా పిన్నీ” అంది. నిజమే.

డీమన్ స్లేయర్ నచ్చినవాళ్ళకు అసలైన పుట్టిల్లు

‘డీమన్ స్లేయర్’ తీసిన యుఫోటేబుల్ స్టూడియో అంతకు చాలా ముందే ఒక దయ్యాల లైట్ నవలను ఏడు సినిమాలుగా తీసింది. ‘కారా నో క్యోకాయ్’. నాసు కినోకో దీన్ని 1998లో మొదట ఇంటర్నెట్‌లో పెట్టాడు, 2004లో కోదాన్షా రెండు సంపుటాలుగా వేసింది. సినిమాలు 2007 డిసెంబరు నుంచి 2009 దాకా వచ్చాయి. సంగీతం కజియురా యుకి, ‘డీమన్ స్లేయర్’కు కూడా ఆమె పనిచేసింది. రాత్రి రంగులు, వాన, కత్తి గీసే వెలుగు గీత, అన్నీ ఇక్కడే దిద్దుకున్నారనిపిస్తుంది.

రెండేళ్ళు స్పృహ లేకుండా పడి ఉండి లేచిన షికి అనే అమ్మాయికి ప్రతిదానిలోనూ దాని చావు గీతలుగా కనిపిస్తుంది. ఆ గీత మీద కోస్తే ఏదైనా చచ్చిపోతుంది, దయ్యమైనా సరే. చెబితే తాత్వికంగా ఉంటుంది, చూస్తే ఒక్క క్షణంలో అర్థమవుతుంది. నాసు రాత బరువు. మాయలు ఎలా పనిచేస్తాయో పాఠం చెప్పినట్టు చెబుతాడు. నాకు సినిమాలే నయమనిపించాయి. కథ ముందువెనకలుగా వస్తుంది. కాలక్రమం కావాలంటే 2, 4, 3, 1, 5, 6, 7 అని పెట్టుకోవాలి. అలా చూడొద్దు. విడుదలైన వరసలోనే చూడండి, తికమకపడటం ఇందులో సగం రుచి. మొదటిది గంట కూడా లేదు. అది పట్టకపోతే మిగతా ఆరూ పట్టవు, అక్కడితో ఆపేయొచ్చు. మూడో సినిమాలో లైంగిక హింస ఉంది, దాచకుండా చూపిస్తారు. పెద్దవాళ్ళకు మాత్రమే.

పాతకాలపు పిశాచాలు ఇష్టమైతే కికుచి హిదేయుకి 1983లో మొదలుపెట్టిన ‘వాంపైర్ హంటర్ డి’ ఉంది. పుస్తకాలకు బొమ్మలు అమానో యోషితకావి, సిరాలో ముంచి గాల్లో ఆరేసినట్టుంటాయి. కవజిరి యోషియాకి తీసిన ‘బ్లడ్‌లస్ట్’ (2000) మూడో నవల ఆధారంగా వచ్చింది, అమానో గీతను కదిలించి చూపిన సినిమా అదొక్కటే అనుకుంటాను. సినిమా చాలు. పుస్తకం అమానో బొమ్మల కోసం.

సొరంగం కథ: నా ఓటు పుస్తకానికి

హచిమొకు మేయి మొదటి నవల 2019లో గగగా బుంకో అనే లైట్ నవలల ప్రచురణ వరసలో వచ్చింది. ఇంగ్లీషు పేరు బారెడుంది: ‘ది టన్నెల్ టు సమ్మర్, ది ఎగ్జిట్ ఆఫ్ గుడ్‌బైస్’. సముద్రం పక్క పల్లెటూళ్ళో ఒక సొరంగం. లోపలికి వెళితే పోగొట్టుకున్నది దొరుకుతుందంటారు. కానీ లోపల కొన్ని క్షణాలు గడిస్తే బయట గంటలు గడిచిపోతాయి. చెల్లెలు పోయిన కుర్రాడు తోనో కావోరు, ఆమెను వెనక్కి తెచ్చుకోవాలని అందులోకి వెళ్ళాలనుకుంటాడు. కొత్తగా బళ్ళో చేరిన హనషిరో అన్జుకు వేరే కోరిక ఉంది. ఇద్దరూ కలిసి సొరంగాన్ని లెక్కలు కట్టి కొలుస్తారు.

దాని పేరు ఉరాషిమా సొరంగం. ఉరాషిమా తారో జపాన్‌లో ప్రతి పిల్లకూ తెలిసిన బెస్తవాడు. తాబేలును కాపాడి, కడలి కింద కోటలో కొద్ది రోజులుండి తిరిగొస్తే ఊళ్ళో తరాలు మారిపోయి ఉంటాయి. మనకు భాగవతంలో రేవతి కథ ఉంది కదా. కూతురికి వరుణ్ణి అడగటానికి కకుద్మి బ్రహ్మ దగ్గరికి వెళ్ళి కాసేపు పాట విని వస్తే, భూమ్మీద ఇరవై ఏడు చతుర్యుగాలు దొర్లిపోయాయి. అందువల్ల ఈ మాయ మనకు విడమరిచి చెప్పక్కర్లేదు, నేరుగా నొప్పి దగ్గరికి వెళ్ళిపోతాం.

2022లో తగుచి తొమొహిసా తీసిన సినిమా 83 నిమిషాలే. చాలా అందంగా ఉంటుంది. వానలో స్టేషను, గొడుగు, మడత ఫోన్లు, సొరంగం లోపల ఎర్రటి ఆకులు. 2023లో ఆన్‌సీ చిత్రోత్సవంలో పాల్ గ్రిమో బహుమతి కూడా అందుకుంది. కానీ ఆ పొట్టితనం కోసం బడి గొడవలను బాగా కుదించారు. నవలలో అన్జుకూ తోటి పిల్లలకూ మధ్య జరిగేదంతా చదివాకే, ఆ ఇద్దరూ ఈ లోకాన్ని వదిలి సొరంగంలోకి పోవాలని ఎందుకంత తహతహలాడుతున్నారో తెలుస్తుంది. సినిమాలో వాళ్ళు అందంగా దిగులుపడే ఇద్దరు. పుస్తకంలో నా క్లాసులో పిల్లలు. ఒక్క సంపుటంతో అయిపోతుంది, తర్వాతి భాగాల బెంగ లేదు, ఇంగ్లీషు తేలిక. మొదటి లైట్ నవలగా నేను ఎవరికైనా చేతిలో పెట్టేది ఇదే.

తొందరగా రెండు మాటలు

‘ది డిసప్పియరెన్స్ ఆఫ్ హరుహి సుజుమియా’ (2010) గొప్ప సినిమా అని విని నేరుగా చూడబోకండి. 162 నిమిషాలు. అది తనిగావా నగారు వరసలో నాలుగో పుస్తకం. ముందు సంగతులు తెలియకపోతే అందులో ఎవరు మాయమయ్యారో, పోతే మనకేమిటో తెలియదు. నాలుగో సంపుటాన్ని మొదట కొని బోల్తాపడిన మనిషిని నేనే. అట్ట మీద అంకె చూసుకోలేదు.

సినిమాయే లేని పుస్తకం ఒకటి చెబుతాను. మియజావా ఇయోరి ‘అదర్‌సైడ్ పిక్నిక్’ (2017 నుంచి). ఇందులోవి గుళ్ళలో, ఏళ్ళలో దయ్యాలు కావు, ఇంటర్నెట్‌లో పుట్టినవి. పొలంలో దూరంగా మెలికలు తిరిగే తెల్లటి ఆకారం, ఎనిమిదడుగుల ఆడమనిషి, 2004లో ఎవరో రైల్లోంచి రాసుకుంటూ పోయిన లేని స్టేషను కిసరాగి. ఇద్దరు అమ్మాయిలు తుపాకులు పట్టుకుని ఆ అవతలి లోకానికి షికారు పోతారు. ఇవి మొదటే అక్షరాలుగా పుట్టిన దయ్యాలు కాబట్టి అక్షరాల్లోనే బాగా భయపెడతాయి. టీవీలో బొమ్మల సీరియల్‌గా 2021లో వచ్చింది, ఆ వణుకు అందులో లేదు.

భాష గురించి. తెలుగులో అచ్చయిన లైట్ నవల నా కంటపడలేదు, కాబట్టి ఇంగ్లీషే దిక్కు. ఇంగ్లీషులో చదువుతున్నప్పుడు ఒక నష్టం ఉంటుంది. ఎవరు ఎవరిని మన్నిస్తున్నారో, ఎవరు చనువు తీసుకుంటున్నారో తెలియదు. జపనీస్‌లో ఒక్క పిలుపుతో అది తెలుస్తుంది. మనకు అన్నా, అక్కా, మీరు, నువ్వు ఉన్నాయి కాబట్టి చదువుతూ నేను లోలోపల తెలుగు చేసుకుంటాను. బడిలో పై తరగతి వాళ్ళను పిలిచే ‘సెన్‌పాయ్’ దగ్గర ‘అన్నా’ అని. సినిమాకైతే జపనీస్ మాటలు పెట్టుకుని కింద అక్షరాలు చదవండి, కనీసం దయ్యాలున్నవాటికి. భయం గొంతులో ఉంటుంది. ‘ఇన్ఫినిటీ క్యాజిల్’ లాంటి పోట్లాట సినిమాకు మాత్రం తెలుగు డబ్బింగే హాయి. కళ్ళు పోరాటం మీదే ఉంటాయి.

మా పిల్ల చివరికి సొరంగం పుస్తకం కొనిపించుకుంది. మూడు ఆదివారాల్లో చదివి, నాలుగో ఆదివారం నేను చెప్పకుండానే సినిమా కూడా చూసి మెసేజ్ పెట్టింది: “పిన్నీ, నువ్వు రాసింది తప్పు. పుస్తకంలో వాడు సొరంగంలోకి వెళ్ళాక ఇంకా ఎన్ని పేజీలున్నాయో నా వేళ్ళకి తెలిసిపోతోంది. ఎంతసేపైందో నాకు తెలుస్తుంటే ఇంక సొరంగం ఎందుకు? సినిమాలో గడియారం చూడటం మర్చిపోయాను.”